గూడు ముందు గడ్డి

వీరులపాడులో ఆ రోజూ నీహారిక తెల్లవారుతూనే కోళ్ల గూడు లాగింది. అడుగు లేని చక్రాల గూడు అది. రోజూ ఒక గూడంత మేర ముందుకు జరిపితే మాంసం కోళ్లకి కొత్త గడ్డి దొరుకుతుంది. మెల్లగా జరపాలి, తొందరపడితే వెనకబడ్డ కోళ్ల కాళ్లు చట్రం కింద నలిగిపోతాయి. నీహారిక కోళ్లు పెంచడం ఇదే మొదటిసారి. ఆదివారానికి కోళ్లు ఇస్తానని నందిగామలో నలుగురికి మాటిచ్చేసింది కూడా.

కోళ్లు గడ్డి మీద పడ్డాయో లేదో, తండ్రి వెంకటరత్నం చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"అక్కడ ఉంచమాకమ్మా, వెనక్కి లాగు. నిన్న సాయంత్రం ఆ గడ్డికి కలుపు మందు కొట్టా."

నీహారిక ఉలిక్కిపడి కిందికి చూసింది. గడ్డి చూస్తే ఇంకా మాడలేదు, నవనవలాడుతోంది. కోళ్లేమో ఆబగా పొడుచుకు తింటున్నాయి. గబగబా లాగితే కాళ్లు విరుగుతాయి, మెల్లగా లాగితే ఇంకాస్త తింటాయి. ఏం చేస్తుంది పాపం? తాడు అందుకుంది. తల్లి ప్రమీలారాణి కుంటుకుంటూ వచ్చి గూడు ముందువైపు రేకు తట్టి కోళ్లని అదిలించింది. ముగ్గురూ కలిసి అడుగడుగూ గూడుని వెనక్కి జరిపారు.

తను చెప్పేదాకా ఒక్క కోడిని కూడా అమ్మొద్దని పశువుల డాక్టరుగారు ఫోన్లో అన్నారు. నీహారిక గూడు పక్కనే కూలబడింది. ఏ కోడి కాస్త కళ్లు మూసినా చచ్చిపోతోందేమోనని హడలిపోయింది.

మధ్యాహ్నానికి ఆ భయం కాస్తా కోపమైంది.

"నేనీ పని చెయ్యడం ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పొచ్చుగా నాన్నా. మందు కొట్టి చంపాలా?"

"చంపాలని కాదే. మోకాలెత్తు గడ్డి. చీకటి పోకముందే అందులో దిగుతావు. మాడిపోతే పామో పుట్రో కనబడుద్దని కొట్టా. రాత్రే చెబుదామనుకున్నా, తిడతావని నోరు రాలా."

ప్రమీలారాణికి ఒళ్లు మండింది. పోయిన వానాకాలం ఈ చేలోనే ఆవిడ కాలి మీద పాము కరిచింది. "కరిచింది నన్నండీ. నేనే తిరుగుతున్నా, మధ్యలో మీకెందుకంత భయం?"

"నీకేం తెలుసు? ఆసుపత్రికని కారెక్కగానే నీకు స్పృహ పోయింది. దారిలో కీసర ఊరు దాటిందాకా పిలుస్తూనే ఉన్నా, నువ్వు పలకలా. అదంతా చూసింది నేను."

ఆ మాట ఆయన ఇంట్లో ఇన్నాళ్లూ ఎత్తలేదు. ప్రమీలారాణి భర్త పక్కన చతికిలబడింది.

నీహారికకి ఏడుపొచ్చింది. "నాకూ భయమే నాన్నా. రోజూ ఆ గడ్డిలో దిగేముందు అమ్మే గుర్తొస్తది. చెబితే మానెయ్యమంటావని చెప్పలా."

వెంకటరత్నం కూతురి మొహంలోకి చూశాడు. "మరి రోజూ ఒక్కదానివే ఎట్టా దిగుతున్నావే?"

"దణ్ణం పెట్టుకుని. రేపటినుంచి నువ్వు ముందు కర్రతో గడ్డి తడుముకుంటా నడువు. నేను వెనకాల లాగుతా."

"కోళ్లకేమన్నా అయితే?"

"ఏమో నాన్నా. పొద్దున ఇద్దరం కలిసే చూద్దాం."

వెంకటరత్నం కూతురి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.