నాలుగో పూత

నాలుగోసారి సున్నం బకెట్‌తో గుమ్మంలోకి వచ్చిన నరేందర్‌ను చూసి, నాగమణి తలుపుకు అడ్డంగా నిలబడింది.

“ఈసారి ఎన్నాళ్లుంటుందండి మీ తెలుపు?”

“వానలు తగ్గితే మళ్ల బూజు రాదు మేడమ్.”

“వాన పడి పది రోజులైంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఇంకా వాననే అంటారేంటండి?”

నరేందర్ నవ్వాడు. ఆమె దెప్పినా అతనికి హాయిగానే ఉంటుంది. భీమవరం నుంచి వచ్చి, కొత్తగా లేచిన సైబర్ టవర్స్‌లో ఉద్యోగం చేస్తూ, మాదాపూర్‌లో నరేందర్ వాళ్లింటి కింది గదిలో కిరాయికి ఉంటోంది. జూన్‌లో ఆ గది గోడకు నల్లగా బూజు పట్టింది. అప్పటినుంచి ఆ గోడ నరేందర్ పాలిట దేవుడైంది. పేరుకు మేస్త్రి, గంటలో అయ్యే పూతను పూటంతా సాగదీసేవాడు.

ఇవాళ మాత్రం ఆమె నవ్వలేదు. దగ్గు తెర వచ్చి, తలుపు పట్టుకుని వంగిపోయింది.

“ఈ చెమ్మలో ఉండొద్దన్నారు డాక్టర్‌గారు. హాస్టల్ చూసుకున్నాను. ఆదివారం ఖాళీ చేస్తానండి.”

పై బాత్రూమ్ పైపు గోడ లోపలే కారుతోందని రెండో పూతప్పుడే నరేందర్‌కు తెలుసు. ఆ పైపు వేసింది నాయిన ఎల్లేశం మేస్త్రి. గోడ పగలగొడితే నాయిన పేరు పోతుంది. గోడ బాగైతే ఈ గుమ్మం ఎక్కే సాకు పోతుంది. ఈ రెండింటి మధ్య ఆమె దగ్గు సంగతి మరిచినందుకు అతనికి తన మీదే అసహ్యం వేసింది.

బకెట్ అక్కడే పెట్టి పైకి వెళ్లాడు. ఎల్లేశం అన్నం తింటున్నాడు.

“నాయినా, ప్లంబర్ లింగమూర్తిని పిలుస్తున్న. నీ పైపు కారుతుంది.”

“మేస్త్రి ఇంటికి ఇంకో పనోడా? బస్తీల నవ్వరారా?”

“నవ్వనీ. ఆ పిల్ల దగ్గుతుంటే నాకు ముద్ద దిగుతలేదు.”

ఎల్లేశం కొడుకు మొహం వంక కాసేపు చూశాడు. తర్వాత కంచంలో చెయ్యి కడిగి లేచాడు.

“పైపు ఏడ మలిపిననో నాకే ఎరుక. పిలువు వాణ్ణి, నేనే చూపిస్త.”

సాయంత్రానికల్లా లింగమూర్తి గోడ పగలగొట్టి, పగిలిన జాయింటు మార్చాడు. నెల రోజులు గోడను ఆరనిచ్చి, అప్పుడే పూత వేయమన్నాడు.

అతను వెళ్లాక నరేందర్ తల వంచుకుని అన్నాడు. “నాకు ముందే ఎరుక మేడమ్. చెప్పలే.”

“ఎందుకని?”

“గోడ బాగైతే మీ గుమ్మంల నాకేం పని?”

నాగమణి కళ్లు ఎర్రబడ్డాయి. “అందుకని నన్నిన్నాళ్లు దగ్గనిచ్చారా?”

“తప్పైంది.”

ఆమె బట్టలు పెట్టెలో సర్దుకుంటూ, అటు తిరిగే అంది. “గోడ ఆరేదాకా హాస్టల్లోనే ఉంటానండి. ఎంతవరకు ఆరిందో సాయంత్రం ఆఫీసు గేటు దగ్గరికొచ్చి చెప్పండి.”

“రోజూనా?”

“రోజూ.”

“మరి ఆరినంక?”

నాగమణి ఇటు తిరిగింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

“ఆరాక, ఏ పనీ లేకుండానే రండి.”