మూడుసార్లు ఉతికిన దుప్పటి

"ఏం సారూ, పుస్తకంల ముందుగాల ఏది దొరికితే గదే రాస్తవా?"

యాదవ్వ అతనితో అన్న మొదటి మాట అదే. గుమస్తా రామచంద్రానికి అంతవరకు ఎదురుచెప్పినవాళ్ళు లేరు. పంతొమ్మిది వందల అరవై రెండులో మంచిర్యాల చేనేత సంఘం మొత్తానికి మెట్రిక్ పాసైనవాడు ఆ గుమస్తా ఒక్కడే. చదువురానివాళ్ళ మధ్య ఒక్కడు చదివితే వాడికి జ్ఞానం రాదు, మెడ బిగుస్తుంది.

పని చిన్నదే. స్టేషను దగ్గర దవాఖాన నడిపే స్పెయిన్ దేశపు సిస్టరమ్మ సంఘం దుప్పట్లు చూసి ముచ్చటపడింది. తన దేశంలోని పెద్దాసుపత్రికి ఒక నమూనా దుప్పటి, వెంట ఒక ఉత్తరం పంపమంది. అక్కడివాళ్ళకు ఇంగ్లీషు రాదు. రాసిపెడతానన్న సిస్టరమ్మ కంటి ఆపరేషనుకు బొంబాయి పోయింది. మిగిలినవి రెండు: ఎలుకలు కొరికిన ఇంగ్లీషు-స్పానిష్ నిఘంటువు, యాదవ్వ.

యాదవ్వ సంఘం ప్రెసిడెంటు దశరథం కూతురు. ఆరేళ్ళుగా ఆ దవాఖానలో కట్లు కడుతూ, సిస్టరమ్మ తిట్లూ దీవెనలూ వింటూ ఆ భాష నోటికి తెచ్చుకుంది. చదవడం రాదు. రామచంద్రానికి చదవడం తప్ప ఇంకేమీ రాదు.

దుప్పటి ఎలాంటిదో చెప్పాలి. అతను ఇంగ్లీషులో 'సాఫ్ట్' అని రాసుకొచ్చాడు. నిఘంటువులో దానికి అరడజను మాటలున్నాయి. మొదటిది ఎత్తి పెట్టాడు: బ్లాందో.

"బ్లాందో అంటే వేలుతోటి నొక్కితే లోపటికి పోయేది," అంది యాదవ్వ. "మగ్గిపోయిన అరటిపండును సిస్టరమ్మ గట్లంటది. మన దుప్పట్లు కుళ్ళినయని రాస్తున్నవా?"

"మరేం రాయాలె?"

"చేతికి తగిలితే పానం హాయిగుండేదాన్ని సువావె అంటది. పిల్లి వీపును, పసిపిల్ల చెంపను."

కొట్టేసి సువావె రాశాడు. రాసి, తనే కనిపెట్టినట్టు ముఖం పెట్టాడు. యాదవ్వ దుప్పటి కొసను చెంపకు ఆనించుకుంది. అతను దుప్పటిని చూడలేదు. ఆ చెంపను చూడటానికి సంఘం జీతమిస్తే ఆదివారం కూడా వచ్చేవాడు.

"ఇదీ అబద్ధమే," అందామె. "గంజి మీదున్న బట్ట గీరుకుంటది. మూడుపార్లు ఉతికినంక అయితది సువావె. గప్పుడు రాయి."

"ఉతికిన బట్ట పాత బట్ట, అమ్మకానికి పనికిరాదు. మీ బాపు పెట్టిన కానూనే. నా నౌకరి పోతది."

"గట్లయితే గరుకు దుప్పటని రాయి. నౌకరి ఉంటది."

మరునాడు మెట్రిక్ గుమస్తా గోదావరి రేవులో మోకాలి లోతున నిలబడి దుప్పటి బాదాడు. చూడటానికి వాన కూడా వచ్చింది.

"ఏమన్నా, పెండ్లాం పుట్టింటికి పోయిందా?" అని రేవులో ఒకామె అడిగింది.

"ఇంకా రానే లేదు," అన్నాడు.

మూడో ఉతుకుకు యాదవ్వ గొడుగుతో వచ్చింది. గొడుగు తన మీదే పట్టుకుంది. తడి కొసను చెంపకు ఆనించి, "ఇగ రాయి," అంది.

రామచంద్రానికి ధైర్యం పొంగింది. నిఘంటువులో బట్టీపట్టిన మాట బయటపెట్టాడు. "నువ్వు తియెర్నో."

"అంటే లేతది. పొద్దుగాల కాల్చిన రొట్టె. లేగదూడ. ఆరేండ్ల సంది చీముపుండ్లు కడుగుతున్న చేతులివి. నన్ను జూసి అన్నవా, పుస్తకం జూసి అన్నవా?"

రామచంద్రం దుప్పటి నీళ్ళు పిండసాగాడు.

"గురువారం బోథ్ నుంచి పత్తి షావుకారి కొడుకు నన్ను జూడ వస్తుండు. చెప్పేదేమన్న ఉంటే మా బాపుకు తెలుగుల చెప్పు."

వెళ్ళిపోయింది. గొడుగు కూడా వెళ్ళిపోయింది.

బుధవారం సాయంత్రం రామచంద్రం దుప్పటి చంకన పెట్టుకుని దశరథం ఇంటికి వెళ్ళాడు. దశరథం కొసను వేళ్ళ మధ్య నలిపాడు. నలభై ఏళ్ళు మగ్గం మీద అరిగిన వేళ్ళవి, వాటికి అబద్ధం చెప్పలేం.

"ఉతికిందెవరు?"

"నేనే మామా. మూడుపార్లు."

"కానూను ఎరుకేనా?"

"ఎరుకే. గంజి మీదున్నదాన్ని మెత్తగున్నదని రాసుడు తప్పని నీ బిడ్డ అన్నది. నిజమే." దుప్పటిని చూపించాడు. "నేను గూడ గంజి మీదున్నోన్నే మామా. నీ బిడ్డ నన్ను మూడుపార్లు ఉతికింది. నౌకరి తీసేస్తే తీసెయ్. పిల్లను మాత్రం బోథోల్లకియ్యకు."

దశరథం దుప్పటి మడత పెట్టాడు. "బోథోల్ల జాబుల నా బిడ్డ చక్కనిది, నెమ్మదస్తురాలు, అణకువైనది అని రాసిండ్రు. మొకం జూడకుంటనే రాసిండ్రు. నువ్వేమంటవు?"

"నాకు మాట దొరకలే. జూసి చెప్పాలె."

"ఏండ్లు పడ్తది పిలగా."

"పట్టనీ మామా."

దశరథం తలుపు వైపు తిరిగాడు. "యాదీ, ఈయన ఉతికిన బట్టనట. ఏం జేద్దాం?"

తలుపు వెనక గాజులు కదిలాయి. "ఉతికినంక అంగట్ల పెట్టం గద బాపూ. ఇంట్లనే ఉంచుకుంటం."

ముసలాయన నవ్వలేదు. గూట్లోంచి పోస్టుకార్డు తీసి రామచంద్రం చేతిలో పెట్టాడు. బోథ్‌వాళ్ళను రావద్దని రాయాలి.

"జర మెత్తగ రాయి," అంది తలుపు వెనకాలి గొంతు.

"ఏ మెత్తన?" అని అడిగాడు రామచంద్రం.

అడిగింది నిఘంటువును కాదు.