మరుపు సూది

నసీమున్నీసా పొద్దున్నే పొయ్యి మీద సేమియా పాయసం కలుపుతుంటే, ఇమాం హుస్సేన్ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"ఇయ్యాళ పాయసమేంటే? పండగ కూడా కాదుగా."

"మీ అమ్మ పేరున ఫాతిహా చదివిద్దామని," అంది భర్త వైపు చూడకుండా.

"మంచి పని," అని ఆయన హాయిగా పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ హాయినే ఆమె ఓర్వలేకపోతోంది.

అత్తగారి పేరు వంక మాత్రమే. మాలిక్ పోయి ఇవాళ్టికి ఏడాది. ఎదురుగాలిలో మిరపచేనుకి మందు కొడుతూ కూలిపోయాడు చెట్టంత కొడుకు. "గాలి ఏం చేస్తుందిరా, పో" అని పంపింది తండ్రే. ఆ తర్వాత ఆయన తిండి మానేసి ఆ చేను గట్టు మీదే పడి ఉండేవాడు.

పత్తి విత్తనాలమ్మే కంపెనీయే ఈ మరుపు సూదీ తెచ్చింది. గింజలో జన్యువు మార్చినట్టే మనిషి మెదడులోనూ మార్చి, కోత పెట్టే జ్ఞాపకాన్ని తుడిచేస్తుందట. ఏడుస్తూ కూర్చుంటే చేలో పనెవరు చేస్తారని కాబోలు, ఊళ్లో సగం మందికి వేశారు. ఆయనకీ వేశాక నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది, కొడుకున్న సంగతే పోయింది. ఆ పేరు ఎత్తితే బాధ తిరగబెడుతుందనీ, రెండోసారి సూది పనిచేయదనీ చెప్పి వాళ్లు చేతులు దులుపుకున్నారు.

కొడుకు మీద బెంగ ఒక ఎత్తయితే, ఆ బెంగ చెప్పుకోవడానికి వాణ్ణి కన్న తండ్రే లేకపోవడం ఇంకో ఎత్తు.

చిలకలూరిపేట నుంచి వచ్చిన కూతురు సిద్దికా పాయసం చూసి గతుక్కుమంది.

"నాన్నకి తెలిస్తే ఏంటమ్మా గతి? నువ్వూ సూది వేయించుకో. కంపెనీ వాళ్లు రేపు రమ్మన్నారు."

"నేనూ వేయించుకుంటే వాడు ఎవరి దగ్గరుంటాడే?"

"పోయినోడి కోసం ఉన్న మనిషిని చంపుకుంటావా?"

"ఉన్న మనిషేడీ? తిని తిరిగే ఆయన ఉన్నాడు. నా బిడ్డ తండ్రి లేడు."

అంతలో ఫాతిహా చదవడానికి మసీదు నుంచి నాగూర్ వలి వచ్చాడు. సాంబ్రాణి వేసి, పాయసం గిన్నె ముందు పెట్టుకుని, "ఎవరి పేరున చదవమంటారమ్మా?" అన్నాడు.

కొడుకు పేరు ఆయన చెవిలో చెబుదామనుకుంది నసీమున్నీసా. కానీ ఇమాం హుస్సేన్ వచ్చి పక్కనే కూర్చున్నాడు. "మా అమ్మ పేరునండి, రహీమా బీ," అన్నాడు. నాగూర్ వలి చేతులెత్తాడు. ఏ పేరు చెబితే ఆ ప్రాణానికే చేరుతుంది. బిడ్డకి ఇవాళ కూడా ఏమీ చేరదు.

"కాదు," అంది. "మాలిక్ పేరున."

"మాలిక్ ఎవరు?"

సిద్దికా తల్లి చెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకుంది.

"మన అబ్బాయండీ. మిరపచేనుకి మందు కొడుతూ పోయాడు. మీరు తట్టుకోలేకపోతే సూది వేయించాం."

ఇమాం హుస్సేన్ పాయసం గిన్నె వంక చూశాడు. "ఎదురుగాల్లో కొట్టాడా?"

"ఆఁ."

"ఆ గాల్లో వాణ్ణి ఎవరు పంపారు?"

సిద్దికా తల్లి వైపు చూసింది.

"మనమే," అంది నసీమున్నీసా. "మనిద్దరమే పంపామండీ."

ఆయన తలవంచుకున్నాడు. "ఒక్క ముక్కా గుర్తు రావట్లేదే. ఎట్టా ఉండేవాడో చెప్పు."

ఏడాదిగా బిగబట్టుకున్న ఏడుపంతా ఆమె ఏడ్చేసింది. సిద్దికా వచ్చి తండ్రి పక్కన కూలబడింది.

"నీ అంత పొడుగు నాన్నా," అంది.