డిసెంబరు ముప్పై నాటి నలభై ఒక్క ఫారాలు

ఇనుప బీరువా ఖాళీగా ఉంది.

తాళం పగల్లేదు. తలుపు మీద ఒక్క గీత కూడా లేదు. ఎవరో తాళంచెవితో తెరిచారు. ఉన్నదంతా తీశారు. మళ్లీ తాళం వేసి వెళ్లారు.

ఆగస్టు 25, సోమవారం. ఉదయం 9:40. రాయచూరు శివార్లలోని కృష్ణాతీర విద్యా పరిశోధన సంస్థ.

పోయినవి 312 ఫారాలు. ఒక్కొక్కటి ఎనిమిది పేజీలు. డిగ్రీ దాకా వచ్చి మధ్యలో చదువు మానేసిన 312 మంది ఆడపిల్లలను, వాళ్ల తల్లులను అడిగి రాసుకున్న జవాబులు. మూడేళ్ల పని.

రాసిన పిల్ల పేరు మంజమ్మ. తెలంగాణ సరిహద్దు పక్క ఊరి కూలీల బిడ్డ. ఆ ఊరి నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి మనిషి.

"ఎప్పటిలోపల థీసిస్ ఇయ్యాలె?" అడిగింది ఎస్సై రామాబాయి.

"శనివారం లోపల, మేడం. దాటితే నా రిజిస్ట్రేషన్ పోతది. ఒరిజినల్ ఫారాలు లేకుంటే థీసిస్ తీసుకోరు."

"కంప్యూటర్ల ఎక్కించలేదా?"

"సగమే అయింది. ఫోటోలు తీద్దామంటే రెండున్నర వేల పేజీలు. నా ఫోన్ల పట్టయి."

మంజమ్మ ఏడవలేదు. ఖాళీ అరలనే చూస్తూ నిలబడింది.

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా కాడ. ఒకటి గైడ్ సార్ కాడ."

గైడ్ ప్రొఫెసర్ శివరామకృష్ణయ్య అప్పుడే లోపలికి వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా.

"నా తాళంచెవి పోయి ఆర్నెల్లయిందమ్మా. మా అటెండరు ఉమేశ్‌కి దొరికుంటుంది. పాత పేపర్ల కింద తూకానికి అమ్మేసుంటాడు. వాడికి రెండు తగిలించండి, నిజం చెప్తాడు."

ఉమేశ్ గుమ్మం బయటే ఉన్నాడు. మాట చెవిన పడింది. అతని ముఖం మాడిపోయింది.

"మేడం, నేను ఈడ పన్నెండేండ్ల సంది ఊడుస్తున్న. పెన్ను కింద పడితే టేబుల్ మీద పెట్టినోణ్ణి."

"ఎట్ల పోయినయో తెలియకముందే దొంగ దొరికిండు. మంచిగుంది," అంది రామాబాయి ప్రొఫెసర్ వైపు చూస్తూ. "సార్, మీ కింద ఇంకెవరు రీసెర్చ్ చేస్తున్నరు?"

ప్రొఫెసర్ చొక్కా చేతులు సరిచేసుకున్నాడు.

"ధర్మతేజ. చాలా బ్రైట్. పోయిన శుక్రవారమే థీసిస్ ఇచ్చేశాడు. గురువారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఉంది."

"ఆయన టాపిక్ ఏంది?"

"గ్రామీణ బాలికల ఉన్నత విద్య."

మంజమ్మ తల ఎత్తింది.

* * *

డీన్ కుసుమకుమారి ఆ థీసిస్ ఇవ్వడానికి గంటన్నర నసిగింది. "కాన్ఫిడెన్షియల్ అండీ," అని మూడుసార్లు అంది. కేసు నంబరు చెప్పాక బయటకు తీసింది.

థీసిస్‌తో పాటు అనుబంధంగా ఫారాల కట్ట. సరిగ్గా 312. అన్నీ కొత్త కాగితాలు. అన్నీ ఒకే నీలం పెన్ను. ఒక్క మడత లేదు, ఒక్క మరక లేదు.

మంజమ్మను పిలిచి చూపించింది రామాబాయి. మంజమ్మ నాలుగు ఫారాలు తిప్పింది.

"ఇవి నా జవాబులే, మేడం. 'బస్సు ఊరవతల దించుతది, చీకటైతే మా నాయిన లాంతరు పట్టుకొని వస్తుండె, ఆయన పోయినంక ఎవరొస్తరు' అన్నది గబ్బూరు భీమమ్మ బిడ్డ. ఆ మాట చెప్తుంటే తల్లీబిడ్డలిద్దరు ఏడ్చిన్రు."

ప్రొఫెసర్ నవ్వాడు.

"ప్రశ్నలు తయారుచేసింది నేను. ఒకే ఊళ్లో ఒకే ప్రశ్నలు అడిగితే జవాబులు ఒకేలా రావా? దీన్నే రీసెర్చిలో నమ్మకమైన ఫలితం అంటారమ్మా. పోలీసులకు అర్థం కాదులెండి."

రామాబాయి కట్టను తన వైపు లాక్కుంది. ఒక్కో ఫారం మీద ఊరు, తేదీ, సమయం, చోటు చూసుకుంటూ పోయింది.

41 ఫారాల దగ్గర ఆగింది. ఊరు గబ్బూరు. తేదీ 30-12-2024, సోమవారం. సమయం ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు. చోటు: సమాధానమిచ్చిన వారి ఇల్లు.

ఆమె ఆ 41 ఫారాల నంబర్లు రాసుకుంది. తర్వాత హాజరు రిజిస్టర్ అడిగింది. ధర్మతేజ ఫీల్డ్‌వర్క్ కోసం సెలవు పెట్టిన రోజులు మొత్తం ఎనిమిది. అందులో డిసెంబరు 30 ఒకటి.

* * *

మంగళవారం, ఉదయం 7:15. గబ్బూరు పక్క పత్తి చేను. కలుపు తీస్తోంది భీమమ్మ. కొడవలి ఆపకుండానే మాట్లాడింది.

"మంజమ్మనా? మా పిల్లనే అది. మూడుసార్లు వచ్చింది. పత్తి ఏరుతుంటే నా పక్కన తను ఏరుకుంటనే అడిగింది. నా కూలి పోవద్దని."

"మొగోడు ఎవడన్న వచ్చిండా, అడగనీకి?"

"ఎవ్వడు రాలే తల్లీ. ఓట్లప్పుడు తప్ప మా ఇంటికి ప్యాంటోళ్లు వస్తరా?"

"పోయిన డిసెంబరు 30 నాడు?"

భీమమ్మకు తారీఖులు తెలియవు. రామాబాయి ఆ రోజు ఏమిటో చెప్పింది. భీమమ్మ కొడవలి కింద పెట్టి మరీ నవ్వింది.

* * *

బుధవారం, ఉదయం 11:00. డీన్ గది. డీన్, ప్రొఫెసర్ కుర్చీల్లో ఉన్నారు. ధర్మతేజ కాలు మీద కాలు వేసుకున్నాడు. సింధనూరు వైపు కాలువ కింద, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో నలభై ఎకరాల వరి, రాయచూరులో రైసుమిల్లు ఉన్న ఇంటి కొడుకు. మంజమ్మ, ఉమేశ్ గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"డిసెంబరు 30. గబ్బూరుకు మీరే పోయిన్రా?" అడిగింది రామాబాయి.

"నేనేనండి. బైకు మీద వెళ్లాను."

"ముందు ఎవరింటికి?"

ధర్మతేజ ఫారం చూసుకున్నాడు. "భీమమ్మగారింటికి."

"ఎన్ని గంటలకు?"

"పదింటికి."

"ఇంట్ల ఎవరున్నరు?"

"ఆవిడా, కూతురూ."

"ఏం చేస్తున్నరు?"

"ఆవిడ పొయ్యి దగ్గర వంట చేస్తోందండి. నాకు టీ కూడా పెట్టి ఇచ్చింది. అరుగు మీద కూర్చుని రాసుకున్నాను."

"తర్వాత?"

"వరసగా నలభై ఒక్క ఇళ్లు."

"ఒక్క ఇల్లు కూడ తాళం లేదా?"

"లేదండి. అందరూ ఇళ్లల్లోనే ఉన్నారు. చాలా మర్యాదగా మాట్లాడారు."

"బాగా గుర్తుందా?"

"ఎందుకుండదండీ? నా రీసెర్చ్ అది."

రామాబాయి పాత క్యాలెండరు కాగితం ఒకటి బల్ల మీద పరిచింది. డిసెంబరు 30 గడిలో నల్లటి గుండ్రం అచ్చువేసి ఉంది.

"ఆ రోజు ఎళ్ల అమావాస్య."

గోడ దగ్గర మంజమ్మ కళ్లు మూసుకుంది.

"అయితే?" అన్నాడు ధర్మతేజ.

"ఉమేశన్నా, సార్‌కు చెప్పు."

ఉమేశ్ గొంతు సవరించుకున్నాడు. "ఆ దినం తెల్లారేసరికి సజ్జ రొట్టెలు, పుండికూర, భజ్జి గంపలకెత్తుకొని ఊరంత చేన్లకు పోతది, సార్. తెచ్చిన బువ్వను భూమితల్లికి చరగ అని చేనంత చల్లి, ఆడనే తిని, పొద్దుగూకినంకనే ఇండ్లకొస్తరు. గబ్బూరుల ఆ దినం కుక్కలు సైత ఊర్ల ఉండవు. మీకు టీ ఇచ్చిందెవరో మరి!"

ప్రొఫెసర్ గబగబా అందుకున్నాడు. "తేదీ పొరపాటు పడుంటుంది. క్లరికల్ మిస్టేక్."

"నలభై ఒక్క పొరపాట్లా, సార్? సెలవు రిజిస్టర్ల కూడ అదే తేదీ. సరే, తేదీ తప్పే అనుకుందాం. పొయ్యి కాడ వంట చేసిన భీమమ్మ? అరుగు? టీ? ఇప్పుడే మీ ముందరనే చెప్పిండు కదా."

ఆమె ధర్మతేజ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఉన్నవి ఎనిమిది సెలవు రోజులు. 312 ఫారాలు వాటిల్లనే సర్దాలె. అందుకే ఆ తేదీ ఏసినవు. ముప్పై ఏండ్ల సంది మీరు ఈ జిల్లాల ఉన్నరు. ప్రతి ఏడు ఆ రోజు మీ పొలానికి కూలోళ్లు రారు. ఎందుకు రాలేదని మీ ఇంట్ల ఎవరన్న ఒక్కసారి అడిగిన్రా? సోమరిపోతులని తిట్టి ఊకున్నరు. అడిగుంటే ఇయ్యాల దొరికేటోనివి కాదు. ఆ 30 నాడు నిజంగ యాడున్నవ్?"

ధర్మతేజ కాలు కిందికి దించాడు. పెదాలు తడుపుకున్నాడు.

"హైదరాబాదులో... కోచింగ్‌కి." ఒక్కసారిగా ప్రొఫెసర్ మీద విరుచుకుపడ్డాడు. "తాళంచెవి మీరే ఇచ్చారు కదండీ సార్! ఆర్నెల్లుగా రాత్రిళ్లు వచ్చి చూసి రాసుకోమన్నది మీరే! మొన్న ఆదివారం ఎవరూ ఉండరు, అన్నీ తీసుకెళ్లమన్నది మీరే! ఒరిజినల్స్ ఆ అమ్మాయి దగ్గరుంటే గోల చేస్తుందన్నదీ మీరే!"

"ఫారాలు యాడున్నయి?"

"మా మిల్లు ఆఫీసులో. మేడ మీద."

రామాబాయి ఫోన్‌లో రెండు మాటలు చెప్పింది. 11:50కి కానిస్టేబుళ్లు మూడు గోనెసంచులు మోసుకొచ్చారు. పత్తి పీచు అంటుకున్న కాగితాలు. వానకు తడిసి ఎండినవి. ఏ రెండూ ఒకే రంగు సిరా కాదు. మంజమ్మ సంచి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఒక ఫారాన్ని పైటకొంగుతో తుడిచింది.

ప్రొఫెసర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. స్వరం మెత్తబడింది.

"చూడు మంజమ్మా. కుర్రాడి జీవితం పాడవుతుంది. వాడికి ఉద్యోగం రెడీగా ఉంది. నీకు తొందరేముంది చెప్పు? నీకు ఇంకో ఏడాది ఎక్స్‌టెన్షన్ ఇప్పిద్దామనే అనుకున్నాను. ఇప్పుడైనా మించిపోలేదు. కంప్లెయింట్ వెనక్కి తీసుకో. నీ థీసిస్ మీద ఈరోజే సంతకం పెడతాను. నా సంతకం లేకపోతే శనివారం నీ థీసిస్ ఎవరూ ముట్టుకోరు. ఆలోచించుకో."

డీన్ తల ఊపింది. "మంచి మాట అమ్మా. సంస్థ పేరు కూడా బయటికి రాదు."

ఇది రామాబాయి చెప్పవలసిన జవాబు కాదు.

మంజమ్మ లేచింది. చీరకు అంటిన దుమ్ము దులపలేదు.

"మూడేండ్లు మీ ఇంటి కూరగాయలు తెచ్చిన. మీ బిడ్డ పెండ్లిల వడ్డించిన. అది గురువు సేవ అనుకున్న," అంది. "సార్, నా థీసిస్‌ల ఐదో చాప్టర్, ఆడపిల్లలు సదువు ఎందుకు ఇడిసిపెడ్తరు అని. బస్సు లేదని రాసిన. పైసలు లేవని రాసిన. మీ గురించి రాయలే. అది తప్పు. ఇయ్యాల రాస్త."

కంప్లెయింట్ కాగితం తీసుకుని, ఆ ఇద్దరి పేర్లూ చేర్చి సంతకం పెట్టింది. మధ్యాహ్నం 12:10.

"అయితే నీకు గైడ్ లేడు," అన్నాడు ప్రొఫెసర్. అప్పటికే కానిస్టేబుల్ అతని భుజం పక్కకు వచ్చి నిలబడ్డాడు.

రామాబాయి టోపీ తీసి బల్ల మీద పెట్టింది. డీన్ ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"మేడం, గైడ్ అరెస్టయితే స్కాలర్‌కు ఇంకో గైడ్‌ను ఇచ్చే అధికారం డీన్‌కు ఉన్నదని మీ రూల్ బుక్‌ల చదివిన. అరవై రెండో పేజీ. ఫారాలు సాక్ష్యం కింద మా కాడ ఉంటయి, జిరాక్సుల మీద నేనే సర్టిఫై చేసి ఇస్త. ఇగ మీ లెటర్ ఒక్కటే బాకీ."

"ఇప్పటికిప్పుడు ఎలా అండీ? కమిటీ కూర్చోవాలి, ఫైలు కదలాలి..."

"పర్వాలేదు. కూర్చోమనండి. నేను గూడ కూర్చుంట."

డీన్ ఆమె ముఖంలోకి చూసింది. గోడకు ఆనుకున్న ఉమేశ్‌ను చూసింది. గోనెసంచుల పక్కన నిలబడిన మంజమ్మను చూసింది. చివరికి సొరుగు లాగి, లెటర్‌హెడ్ తీసి, పెన్ను మూత విప్పింది.

"పేరు పూర్తిగా చెప్పమ్మా," అంది.

మూడేళ్లుగా తన కిందే చదువుతున్న పిల్ల పూర్తి పేరు ఆమెకు తెలియదు.

మంజమ్మ చెప్పింది. తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా.