చీలిక దగ్గర ఆగినవాడు

పాత క్వారీ దారికి మంచి పేరు లేదు. కొండల్లో బైకులు తోలే సరదా ఉన్నవాళ్లంతా పొద్దుండగానే దాన్ని దాటేస్తారు. చీకటి పడితే ఒంటి లైటు వెంటపడుతుందట... ఎప్పుడో తోటివాళ్లు ఆగకుండా వెళ్లిపోతే, తెల్లార్లూ బండి కిందే పడుండి ప్రాణం విడిచినవాడిదే ఆ లైటని చెప్పుకుంటారు.

మన పళ్ల డాక్టరు ఆ మాటకి పకపకా నవ్వాడు. కొత్తగా కొన్న అడ్వెంచర్ బైకు మీద ఆయనకి అంత ధీమా. ఏనుగంత బండి, మునివేళ్ల మీద నిలబడితే తప్ప కాళ్లు నేలకి అందవు — అయినా కొండలన్నీ తన సొంతమైనట్టు తిరిగేవాడు.

"మా తమ్ముడు జాగ్రత్త. వాణ్ణి వదిలేసి ముందు పోకండి," అంది భార్య.

"నేనుండగా వాడికేం భయం?" అని హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఈ బైకులవాళ్లకి ఒకటే కట్టుబాటు. దారి చీలిన చోట ముందున్నవాడు ఆగాలి. వెనకవాడు వచ్చి కలిసేదాకా కదలకూడదు.

ఆ రోజు టైరు పంక్చరై ఆలస్యమైంది. క్వారీలో దిగేసరికి చీకటి. డాక్టరు చీలిక దగ్గర ఆగి, అద్దంలో చూశాడు.

ఒక లైటు.

దగ్గరికి రాదు. దూరం పోదు. నేలబారుగా, ఒక్కచోటే... ఆరుతూ, వెలుగుతూ.

బావమరిదైతే ఈపాటికి వచ్చేయాలి కదా — అనుకున్నాడో లేదో, ఆ ఒంటి లైటు కథ గుర్తొచ్చింది. ఆగాలి... ఆగాలని తెలుసు. కానీ చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ తిప్పేసింది. రాళ్లు ఎగిరిపడుతున్నా వెనక్కి చూడకుండా తారు రోడ్డు దాకా పోయాడు.

వీధి లైటు కింద బండి ఆపాడు. అప్పుడు మొదలైంది సిగ్గు. ఎంతసేపు చూసినా బావమరిది రాడే! ఇంటికెళ్లి ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? తనని తానే తిట్టుకుంటూ బండి వెనక్కి తిప్పాడు.

క్వారీలో బావమరిది మోకాలు పట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. పక్కనే వాడి బండి, స్టాండు వేసి ఉంది.

"పడిపోయాను బావా. కాలు కింద ఇరుక్కుంది. రమ్మని లైటు ఆర్పి వెలిగిస్తూ డిప్పర్ కొడుతూనే ఉన్నాను... నువ్వేమో దూసుకుపోయావు. సాయం కోసం వెళ్లావని తర్వాత అర్థమైందిలే."

డాక్టరు మాట మార్చాడు.

"ఇంత బండిని ఒక్కడివే ఎలా లేపావురా?"

"నేనెక్కడ లేపాను? నువ్వు పంపినాయన లేపాడు. 'మీ వాడు వచ్చేదాకా నేను కదలను' అని ఇక్కడే ఉన్నాడు పాపం. నీ లైటు కనపడ్డాకే అటు లోపలికి వెళ్లాడు."

డాక్టరు ఎవర్నీ పంపలేదు. దారిలో ఆయనకి ఎవరూ కనపడనూ లేదు.

"ఎవరు బావా ఆయన? నువ్వేగా పంపింది?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గు దాన్ని అక్కడే ఆపేసింది.

"ఊఁ... నేనే," అన్నాడు గొణుగుతూ.

క్వారీ లోపల, చీకట్లో... ఒక లైటు ఒక్కసారి వెలిగి, ఆరింది.