ఇరవై ఎనిమిది గంటల నక్షత్రం

ఢిల్లీ ద్వారక పార్కులో ఆ ఉదయం ఆరూ నలభైకి రామమోహనరావు మూడో రౌండు నడక పూర్తి చేయలేదు. బైకు మీద వచ్చినవాడు సైలెన్సర్ పిస్టల్‌తో ఒక్కసారే కాల్చాడు.

పదింటికి అశోకా రోడ్ గెస్ట్‌హౌస్‌లో ఏజెంట్ నిరంజన్ ఎదుట చీఫ్ త్యాగరాజు కూర్చున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ మడత చెదరలేదు.

“ఆ విదేశీ ముఠా మీద మనకున్న సాక్షులు ఇద్దరేనయ్యా. రామమోహనరావు పొద్దున పోయాడు. ఇక మిగిలింది బేర్ సరాయ్‌లో మెస్ నడిపే కస్తూరి. వాళ్ళ అడ్రసులు తెలిసింది ముగ్గురికే. నాకు, నీకు, ఇంద్రాణికి.”

“కస్తూరిని ఇప్పుడే తరలిద్దాం సార్.”

“సాయంత్రం చూద్దాం. నువ్వు ముందు ఇంద్రాణి మీద కన్నేసి ఉంచు.”

హంతకుడి బైకు మలుపులో జారినప్పుడు పడిపోయిన ఫోన్ నిరంజన్‌కి దొరికింది. అందులో ఉన్నది ఒకే ఫైలు. నోయిడాలోని ఒక ఆస్ట్రానమీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన నక్షత్రాల జాబితా. త్యాగరాజు దాన్ని చూసీ చూడనట్టు పక్కకు నెట్టాడు. “కాలేజీ పిల్లల సరదా. వదిలెయ్.”

నిరంజన్ వదలలేదు. ఇంద్రాణి డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా పట్టుచీరల్లో ఎంబసీ పార్టీలకు వెళ్తూ, ఆ ముఠా తనను తమ మనిషే అనుకునేలా నడుచుకుంటోంది. ఆమె బాల్కనీలో ఓ టెలిస్కోప్ కూడా ఉంది. అనుమానించడానికి అంతకంటే ఏం కావాలి? కానీ చీఫ్ ఎందుకు సాయంత్రం దాకా ఆగమన్నాడు?

ఒంటిగంటకు అతను హైదరాబాద్ నుంచి వచ్చిన డేటా ఆడిటర్ వేషంలో నోయిడా చేరాడు. దొంగ ఐడీ కార్డు, పవర్ లేని కళ్ళజోడు. కస్టమర్లు పంపే జాబితాలను సాఫ్ట్‌వేర్ చదవగలిగేలా సరిచేసే స్నిగ్ధ, ఫైలు చూడగానే నవ్వింది.

“ఈ కస్టమర్‌తో వేగలేం సర్. ఆకాశంలో అడ్డం కొలత మామూలుగా గంటల్లో రాస్తాం. ఇరవై నాలుగు దాటకూడదు. ఈయన ప్రతిసారీ ఇరవై ఎనిమిది అని రాస్తారు. పైన ‘డిగ్రీలు’ అని పెట్టరు. సాఫ్ట్‌వేర్ తిప్పికొడుతుంది, నేను సరిచేస్తాను. ఇవాళ ఇంకోటి పంపారు. పేర్లేమో నిజం నక్షత్రాలవే, ఆ చోట మాత్రం అవి లేవు.”

కొత్త ఫైల్లో ఒకటే వరస. 28.55, 77.18. పక్కన ‘పసుపు, ఒంటరి’. టైము 08:10.

నిరంజన్ ఆ అంకెలు మళ్ళీ చదివాడు. ఇరవై ఎనిమిది, డెబ్బై ఏడు. ఢిల్లీ అక్షాంశం, రేఖాంశం. ఫోన్‌లో మ్యాప్ తెరిచి అవే అంకెలు కొట్టాడు. పిన్ను బేర్ సరాయ్‌లో పడింది. కస్తూరి మెస్ తలుపు పసుపు రంగు.

“రాత్రి ఎనిమిదీ పది దాకా టైముంది,” అన్నాడు.

“కాదు సర్. ఈ లిస్టుల్లో టైము గ్రీనిచ్‌ది. ఐదున్నర గంటలు కలపాలి. అంటే ఒంటిగంటా నలభై. పాత ఫైల్లో 01:10 ఉంది చూడండి, అది ఉదయం ఆరూ నలభై.”

హత్య జరిగిన నిమిషం.

“ఈ కస్టమర్ ఎవరు?”

“పేరు నకిలీలా ఉంది. పొద్దున హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశారు.” ఆమె రికార్డింగ్ వినిపించింది. “ఏంటమ్మా, ఒక్క లిస్టు పంపడానికి ఇంతసేపా? త్వరగా కానివ్వండమ్మా.”

త్యాగరాజు గొంతు.

“ఇది పంపేశారా?”

“సరిచేసి పెట్టాను. ఒంటిగంటన్నరకు ఆయన చెప్పినవాళ్ళకి దానంతటదే వెళ్ళిపోతుంది.”

ఒంటిగంటా ఇరవై ఏడు. పోలీసులను పిలిస్తే ఆ కబురు ముందు చీఫ్‌కే చేరుతుంది. ఫైలు ఆపేస్తే హంతకులు మాయమవుతారు. నిరంజన్ ఇంద్రాణికి ఫోన్ చేశాడు.

“అశోకా రోడ్‌కి ఎంత దూరంలో ఉన్నావ్?”

“పది నిమిషాలు. పొద్దుగాల్నుంచి నన్నే అనుమానిస్తున్నవ్ కదా?”

“ఇప్పటికీ. గెస్ట్‌హౌస్ డైనింగ్ హాల్‌కి నీ మనుషులతో వెళ్ళు. చీఫ్ రెండింటికి అక్కడే భోంచేస్తాడు. లైన్ కట్ చెయ్యకు.”

తర్వాత స్నిగ్ధ వైపు తిరిగాడు. “నేను ఆడిటర్‌ని కాదు, ఏజెంట్‌ని. అంకెలు మార్చండి. నేను చెప్తాను.” గెస్ట్‌హౌస్ అక్షాంశం, రేఖాంశం. టైము 08:40. “రంగు తెలుపు. ఒంటరి.” చీఫ్ చొక్కా రంగు.

ఆమె గబగబా కొట్టింది. చివరి అంకె తప్పు పడింది, చెరిపి మళ్ళీ కొట్టింది. సేవ్ అయిన మరుక్షణం స్క్రీన్ మీద ‘సెంట్’ అని వచ్చింది.

రెండూ పదికి నిరంజన్ క్యాబ్ యమున దాటుతోంది. ఇంద్రాణి చెవిదుద్దులోని మైకు అతని చెవిలో పలుకుతోంది. కంచాల చప్పుడు. త్యాగరాజు ఇంకొంచెం చారు అడుగుతున్నాడు. బూట్ల అడుగులు. పిస్టల్ లాక్ తీసిన క్లిక్.

ఇంద్రాణి వైపు నుంచి ఏ కదలికా వినబడలేదు. ఒక సెకను. రెండు. తను నమ్మరాని మనిషిని నమ్మాడా?

“నేను కాదురా,” త్యాగరాజు అరిచాడు. “మీకిచ్చింది బేర్ సరాయ్. పసుపు తలుపు. అక్కడికి పొండి.”

అప్పుడు కుర్చీలు విరిగిపడ్డాయి. ఎవరో మూలిగారు.

“పనైంది,” అంది ఇంద్రాణి. “ఇద్దరు దొరికిన్రు, తుపాకులతో సహా. నీ చీఫ్ నోటితోనే ఒప్పుకోవాలని ఆగిన. కస్తూరి దగ్గరికి నువ్వే పో.”

నిరంజన్ క్యాబ్‌ను బేర్ సరాయ్ వైపు మళ్ళించమన్నాడు.

దారిలో స్నిగ్ధ ఫోన్ చేసింది. “సర్, ఆ కస్టమర్ కంప్లయింట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది. ఏమని క్లోజ్ చెయ్యాలి?”

“కొన్నేళ్ళపాటు ఆయనకి ఆకాశం కిటికీ ఊచల్లోంచే కనబడుతుందని రాయండి.”