బ్రేక్ లైటు కింద రెండు కన్నాలు

శనివారం ఉదయం ఏడున్నరకు సుందర్ రాజ్ కారు వెనక పీట వేసుకుని కూర్చున్నాడు. రాత్రంతా కురిసిన వాన తెరిపిచ్చింది. కారు కొనడానికి పదింటికి గాజువాక నుంచి మనిషి వస్తాడు. ఆలోగా బ్రేక్ లైట్లు వెలిగేలా చేసి పెట్టమని కొడుకు కెన్నీ చెప్పాడు.

కారు అమ్మడం కోడలు అక్సాకు ఇష్టం లేదు. కూర్మన్నపాలెంలోని ఈ ఇంటి నుంచి ఊరికి ఆ కొసనున్న మధురవాడలో ఆమె ఆఫీసుకు బస్సుల్లో రానూపోనూ నాలుగు గంటలు. కారు పోతే ఉద్యోగం పోయినట్టే.

పది రోజుల కిందట ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర, వానలో, ఆమె బ్రేకు వేసింది. వెనక వస్తున్న ఆటో గుద్దింది. వెనక సీట్లో ఉన్న అత్తగారు ప్రేమలీల మెడ పట్టేసింది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే మాట, అక్సా టక్కున ఆపేసిందని. లైటు వెలగలేదని ఆటో డ్రైవరు అన్నాడు గాని, తప్పించుకోడానికి అలాగే అంటారని, లైట్లు ఆ గుద్దుడుకే పోయాయని కెన్నీ కొట్టిపారేశాడు. ఇక ఆమె చేతికి కారు వద్దని అమ్మకానికి పెట్టాడు.

వంటింట్లోంచి మాటలు వినపడుతున్నాయి.

"నాను మెల్లగానే ఆపాను. ఎన్నిసార్లు సెప్పమంటావ్?" అక్సా గొంతు.

"మెల్లగా ఆపితే అమ్మ మెడకి ఆ పట్టీ ఏటి? ఫ్యాషనా?" కెన్నీ గొంతు.

"నన్ను మధ్యలోకి లాగకండ్రా," ప్రేమలీల అంది. "ఎవలు మాటాడితే వాళ్ళేపు ఒళ్ళంతా తిప్పాల్సొత్తంది."

సుందర్ రాజ్ స్క్రూలు విప్పి ఎడమ లైటు చేతిలోకి తీసుకున్నాడు. వంచితే లోపల నీళ్ళు కదిలాయి. జూన్‌లో ఇందులో ఆవిరి పడితే తనే బాగు చేశాడు. రెండు లైట్లకీ అంచు చుట్టూ సిలికాన్ పట్టించి, ఇంక చుక్క దూరదని అందరికీ చెప్పాడు.

హెయిర్ డ్రయ్యరుతో అంచు వేడిచేసి ఎర్ర అద్దం ఊడదీశాడు. చెంచాడు నీళ్ళు కారాయి. ఎల్‌ఈడీలు బిగించిన పట్టీ మీద పచ్చగా చిలుము పట్టింది. టంకం వేసిన రెండు అతుకులు ఊడిపోయాయి. నీళ్ళు ఎటు నుంచి వచ్చాయో వెతికాడు. అంచు పైభాగంలో వెంట్రుకంత చీలిక. మట్టి పట్టి నల్లబడింది, గుద్దుడుకు పడింది కాదు. అక్కడ దూరిన నీళ్ళు కిందికి పోవాలి. లైటు తిరగేశాడు. అడుగున రెండు చిన్న కన్నాలు ఉండాల్సిన చోట రెండు సిలికాన్ ముద్దలు. వాటి మీద బొటనవేలి ముద్రలు. రెండింటిలోనూ అడ్డంగా ఒక గీత. ఆ గీత తన వేలి మీద ఉన్న కాలిన మచ్చది.

స్టీల్ ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఆయన ఇరవై ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. అక్కడ ప్యానెల్ పెట్టెకు కన్నం కనపడితే మూసెయ్యాలి. బొగ్గు ధూళి దూరిందంటే షిఫ్టు ఆగుతుంది. మూసి, బొటనవేలితో నొక్కడం అలవాటైపోయింది. ఈ కన్నాలు ఎందుకున్నాయో జూన్‌లో ఆలోచించనే లేదు.

కుడి లైటు విప్పాడు. అవే నీళ్ళు, అదే ముద్ర.

తొమ్మిదయింది. బ్లేడుతో గీకేస్తే ఎవరికీ తెలియదు. బ్లేడు అందుకున్నాడు. కింద పెట్టాడు. లేచి గేటు దాకా వెళ్ళి వచ్చాడు. మళ్ళీ బ్లేడు తీశాడు.

"అయిందా డాడీ?" కెన్నీ బయటికి వచ్చాడు.

వెనకే అక్సా వచ్చి తాళాలు కారు మీద పెట్టింది. "ఇంద. ఇంక ముట్టుకోను. సోమవారం ఉద్యోగానికి కూడా రిజైన్ ఇచ్చేత్తాను."

"మానేయమని ఎవలన్నారు? బస్సుల్లేవా?" అన్నాడు కెన్నీ.

"నువ్వెక్కి సూడు ఓ వారం."

"తాళాలు తీసుకో అమ్మా," సుందర్ రాజ్ అన్నాడు. "తప్పు నాది."

ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన లైటు ఎత్తి పట్టుకున్నాడు.

"నీళ్ళు పోడానికి కింద కన్నాలుంటాయి. నానే మూసేసేను. ఇదిగో, నా ఏలు." ముద్ర పక్కన బొటనవేలు పెట్టాడు. "లోపల నీళ్ళు నిలబడి లైటు పోయింది. ఆటోవోడు నిజమే సెప్పాడు. అమ్మాయి మెల్లగానే ఆపింది."

కెన్నీ వేలునీ ముద్రనీ చూసి మెట్టు మీద కూర్చుండిపోయాడు. గుమ్మంలో ప్రేమలీల ఒళ్ళంతా తిప్పి భర్తను చూసింది.

"అయితే నా మెడ ఇరిసింది మీరన్నమాట! పది రోజులూ పిల్లకి తిట్లు."

అక్సా నవ్వలేదు. "ఓసారి లైటు సూడమన్నాను," అంది. "అందరూ నన్నే సూసేరు. లైటు ఎవలూ సూళ్ళేదు."

కెన్నీ ఫోను తీసి గాజువాక మనిషికి చెప్పాడు. "రాకండి. కారు అమ్మడం లేదు." తర్వాత తాళాలు తీసి అక్సా చేతిలో పెట్టాడు. "నానే సూడాల్సింది," అన్నాడు.

సుందర్ రాజ్ చిలుము స్పిరిట్‌తో తుడిచి, అతుకులు వేసి, రెండు లైట్లూ ఎండలో పెట్టాడు. మధ్యాహ్నం చీలిక దగ్గరా, అద్దం అంచునా మాత్రమే సిలికాన్ రాశాడు. కన్నాలు సూదితో అక్సా తెరిచింది.

సాయంత్రం లైట్లు బిగించేసరికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. అక్సా సీట్లో కూర్చుంది. ఆయన కారు వెనక నిలబడ్డాడు.

"బ్రేకు మీద కాలెట్టమ్మా."

రెండూ వెలిగాయి.

"ఎలిగిందా మావయ్యా?"

ఆయన వంగి ఎర్ర అద్దం మీది చినుకులు తుడిచాడు. "ఎలిగింది అక్సా," అని పక్కనున్న కెన్నీ చెప్పాడు.

ప్రేమలీల మెడ పట్టీ సర్దుకుంటూ వచ్చి వెనక తలుపు తీసుకుని ఎక్కింది. "పోనీ. సెంటర్ దాకా ఓ సుట్టు తిప్పు."

కారు కదిలింది. సుందర్ రాజ్ వానలోనే నిలబడి చూశాడు. వీధి చివర మలుపులో రెండు లైట్లూ ఎర్రగా వెలిగాయి. అప్పుడు ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.